౨౦౧౦౧౪ సంఖ్యేనా?

ఢిల్లీ పక్కన, ఘాజియాబాద్‌లోని ఇందిరాపురం పిన్‌కోడ్ 201014. దాన్నే తెలుగు అంకెల్లో ౨౦౧౦౧౪ అని టైప్ చేస్తే కంప్యూటర్ దాన్ని సంఖ్యగా గుర్తిస్తుందా? అది ప్రోగ్రామింగ్ భాషను బట్టి ఉంటుంది.

యూనికోడ్‌లో తెలుగు అంకెలకు విడిగా సంకేతాలున్నాయి. ఈ పాఠాన్ని పూర్ణాంకంగా మార్చమంటే పైథాన్ 201014 అని సరిగ్గా ఇస్తుంది. జావాస్క్రిప్ట్ మాత్రం ‘ఇది సంఖ్య కాదు’ అంటుంది. ప్రోగ్రామ్‌లోనే నేరుగా ౨౦౧౦౧౪ అని రాస్తే పైథాన్ కూడా తప్పు చూపిస్తుంది.

ప్రోగ్రామర్ రాసే కోడ్‌కు ఈ కట్టుదిట్టం అవసరమే. ‘౦’ అంకెనూ, ‘ం’ అనుస్వారాన్నీ మనం సున్న అనే పిలుస్తాం. చూపుకూ రెండూ ఒకటే. యంత్రానికి అవి వేర్వేరు.

కానీ దరఖాస్తు నింపే మనిషికీ అదే నియమం పెట్టడం సరికాదు. తెలుగు అంకెలు రాసినవారికి ‘చెల్లని సంఖ్య’ అని చెబితే అది అబద్ధం. వాటిని తీసుకుని, 0–9 అంకెల్లోకి మార్చాకే తనిఖీ చేయాలి. ఒకే సంఖ్యలో రెండు రకాల అంకెలు కలిస్తే మళ్లీ అడగాలి. ఇందుకు ప్రోగ్రామర్‌కు కావాల్సింది పది అంకెల పట్టిక, కాస్త శ్రద్ధ.