తెర వెనుక ముచ్చట్లు: అరువు తెచ్చుకోని ఊతపదాలు

కుర్రకారు చిత్రాలకు తొందరగా ముసలితనం వస్తుందని నా అనుభవం. ఆ ఏడు కాలేజీల్లో చెలామణీలో ఉన్న ఊతపదాలు పెట్టి ఈలలు వేయించుకుంటారు. పదేళ్ల తర్వాత అవే మాటలు వింటే మనకే అదోలా ఉంటుంది!

ఈ జబ్బు అంటని అమెరికన్ చిత్రం ఒకటుంది – 1989లో అక్కడ విడుదలైన ‘హీథర్స్’. హీథర్ అనే పేరున్న ముగ్గురు పొగరుబోతు అమ్మాయిలు ఒక హైస్కూలును ఏలేస్తుంటారు. వాళ్ల జట్టులోని వెరోనికా ఓ ప్రమాదకరమైన కుర్రాడితో ప్రేమలో పడుతుంది. వరసగా హత్యలు! అవి ఆత్మహత్యలని నమ్మేసి పెద్దవాళ్లు చేసే హడావిడి మీదే వ్యంగ్యమంతా.

రచయిత డేనియల్ వాటర్స్ వీడియో షాపులో పనిచేస్తూ ఈ స్క్రిప్టు రాశాడు. దీన్ని స్టాన్లీ కుబ్రిక్ తీయాలని ఆయన ఆశ! చివరికి తీసింది మైకేల్ లేమన్. ఆయనకిదే తొలి పూర్తి నిడివి చిత్రం. వెరోనికా వేషం వెయ్యొద్దని వినోనా రైడర్‌ని ఆమె ఏజెంటు బతిమాలారట. పదహారేళ్ల పిల్ల, వింటేగా!

వాటర్స్ మొదట రాసిన ముగింపులో స్కూలు పేలిపోతుంది, చనిపోయినవాళ్లంతా స్వర్గంలో కలిసి డాన్సు చేస్తారు. నిర్మాణ సంస్థ ఒప్పుకోలేదు, మార్చక తప్పలేదు. ఇంతా చేస్తే, సుమారు 30 లక్షల డాలర్లతో తీసిన చిత్రానికి అమెరికా థియేటర్లలో వచ్చింది 11 లక్షలే! ఆ తర్వాత వీడియో క్యాసెట్ల పుణ్యమా అని అభిమానులు పుట్టుకొచ్చారు.

ఇంతకీ అసలు రహస్యం వేరే ఉంది. కుర్రాళ్ల అసలు యాస పెడితే చిత్రం విడుదలయ్యేసరికే పాతబడుతుందని, వాటర్స్ తన పాత్రల ఊతపదాల్ని తానే పుట్టించాడు. ఎవరూ వాడని మాట పాతబడేదెలా? రాసుకున్న ముగింపు చేజారినా, ఆయన మాట నిలిచింది. మన మాటల రచయితలూ, వింటున్నారా?