ఆ గౌను చెయ్యి ఎవరు కుట్టారు?

లండన్ నేషనల్ గ్యాలరీలో మా అమ్మాయి "అమ్మా, పద" అంటున్నా ఆ చిత్రం ముందు నుంచి కదల్లేకపోయాను. వెనక నీలం రంగు, పక్కకు తిరిగిన బంగారు జుట్టు పడుచు, పసుపు గౌను చేతిమీద పెద్ద పెద్ద తాటాకులు. పాతికేళ్లు మగ్గం పని చేసినదాన్ని, నా చూపు ముందు ఆ చేతిమీదే పడింది.

చెక్కపలక మీద 1465 ప్రాంతంలో వేసిన ఫ్లారెన్స్ చిత్రమిది. 1866లో గ్యాలరీ కొన్నప్పుడు పియెరో డెల్లా ఫ్రాంచెస్కాది అనుకున్నారు. 1911లో కళావిమర్శకుడు రోజర్ ఫ్రై పనితనం పోల్చిచూసి బాల్డొవినెట్టిదని చెప్పాడు. చిత్రకారుడికి పేరు దొరికింది. చిత్రంలోని అమ్మాయికి ఇంకా దొరకలేదు.

ఆ కాలపు ఫ్లారెన్స్‌లో ఇలాంటి చిత్రాలు ఎక్కువగా నిశ్చితార్థం, పెళ్లి సందర్భాల్లో వేయించేవారు. మెట్టినింటి గుర్తును పెళ్లికూతురి గౌను చేతిమీద కుట్టించడమూ ఉండేది. అంటే ఆమెను గుర్తుపట్టే దారి ముఖంలో కంటే ఆ ఆకుల్లోనే ఎక్కువ. ఏ చిత్రశాలది, ఏ గురువుది అని ఏళ్ల తరబడి వాదించిన పండితులు ఆ కుట్టుపని చేతుల గురించీ అంత పట్టుదలగా వెతకాలి. పక్కనుండే చీటీలో చిత్రకారుడి పేరు కింద ఆ గుడ్డకూ రెండు వాక్యాలు ఇవ్వాలి. అలాంటి ఒక్క ఆకు నింపడానికి నాకైతే వారం పట్టేది.