చదివిన మాట - చేసే పని

'పుస్తకం హస్తభూషణం' అన్నారు మన పెద్దలు. భూషణం అంటే నగ. నగ చేతికి అందం ఇస్తుంది గాని చేతిచేత పని చేయించదు. కాబట్టి ఈ మాటను ఒక అడుగు ముందుకు నడిపించాలి. మంచి పుస్తకం చేతికి నగగా ఉండిపోకూడదు. ఆ చేతిని పక్కవాడి వైపు చాపించాలి. చదివిన మాట చేసే పనిలో కనిపించకపోతే ఆ చదువు సగంలో ఆగిపోయినట్టే.

యానాం ప్రాంతంలోని కనకాలపేటను ఉదాహరణగా తీసుకుందాం. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండేది. నేడు అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఒక భాగం. దాని విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. ఇంత చిన్న చోట మనుషులు ఒకరికొకరు తెలియకుండా ఉండటం కష్టం. రక్తసంబంధం లేకపోయినా బాబాయి, పిన్ని, మామయ్య అని వరసలు కలుపుకొని పిలుచుకుంటారు. ఒక ఇంట్లో శుభం జరిగినా, అశుభం జరిగినా వీధి అంతా కదులుతుంది. 1986 ఆగస్టులో గోదావరి పొంగింది. 1996 నవంబరులో తుపాను విరుచుకుపడింది. 2022 జూలైలో వరదనీరు మళ్లీ యానాం వీధుల్లోకి వచ్చింది. అటువంటి రోజుల్లో గోదావరి తీరంలో ఎవరి నీతులూ ఎవరికీ గుర్తుచేయనక్కరలేదు. పొయ్యి వెలిగిన ఇల్లు పొయ్యి వెలగని ఇంటికి అన్నం పెడుతుంది.

మరి ఈ దయ నేర్చుకోవడానికి పుస్తకాలు కావాలా? అక్కరలేదని వాదించేవారున్నారు. వారి వాదంలో బలముంది. గౌతమికి ఆవలి ఒడ్డున ఉన్నది కోనసీమ. అక్కడి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. ఆమె 1841లో పుట్టి 1909లో మరణించారు. ఆ రోజుల్లో ఆడపిల్లలకు బడిచదువు అందేది కాదు. అయినా వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా కులం అడగకుండా, ఊరు అడగకుండా ఆమె అన్నం పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమెకు దయ నేర్పింది ఏ పుస్తకం? మరోవైపు పెద్ద చదువులు చదివినవారు బస్సు ఎక్కేటప్పుడు ముసలివారిని తోసుకొని ఎక్కడం మనం రోజూ చూస్తున్నదే. ఇక పుస్తకం వల్ల ఒరిగింది ఏమిటని ఎవరైనా అడిగితే తేలికగా కొట్టిపారేయలేం.

సమాధానం నా దృష్టిలో ఇది. కంటికి కనిపించిన వారి మీద దయ చూపడానికి పుస్తకం అక్కరలేదు. కంటికి కనిపించని వారి మీద దయ కలగాలంటే పుస్తకం కావాలి. సీతమ్మ గారి వంటి మహనీయులకు ప్రతి బాటసారీ సొంత మనిషిగానే కనిపిస్తాడు. మనబోటి సామాన్యుల మనసు అంత దూరం పోదు. మన దయ మన వీధి మలుపు దగ్గర, మన వరసల దగ్గర, మన భాష దగ్గర ఆగిపోతుంది. దానిని ఆ మలుపు దాటించేది మంచి పుస్తకం.

ఇందుకు చరిత్రలో గొప్ప నిదర్శనం ఉంది. హెన్రీ డ్యూనాంట్ స్విట్జర్లాండు దేశపు వ్యాపారి. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర భీకర యుద్ధం జరిగింది. సొంత పనిమీద అటు వెళ్లిన డ్యూనాంట్, దిక్కులేక పడి ఉన్న వేలాది క్షతగాత్రులను చూశాడు. దగ్గరి ఊరి స్త్రీలు మనవాడు, పగవాడు అనే తేడా చూడకుండా వారికి నీళ్లు ఇచ్చారు, గాయాలు కడిగారు. డ్యూనాంట్ కూడా వారితో కలిసి సేవ చేశాడు. అంతటితో ఊరుకొని ఉంటే ఆ దయ ఆ ఊరిలోనే ముగిసిపోయేది. కాని అతడు తాను చూసినదంతా పుస్తకంగా రాసి 1862లో సొంత ఖర్చుతో అచ్చువేయించాడు. సోల్ఫెరినోను ఎన్నడూ చూడనివారు ఆ పుస్తకం చదివి చలించిపోయారు. మరుసటి సంవత్సరమే జెనీవాలో రెడ్‌క్రాస్‌కు పునాది పడింది. 1864లో యుద్ధక్షతగాత్రుల రక్షణకు దేశాల మధ్య తొలి ఒప్పందం కుదిరింది. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని పంచుకున్న ఇద్దరిలో డ్యూనాంట్ ఒకడు. కొందరు పల్లెస్త్రీలు ఇచ్చిన మంచినీళ్లు ఒక పుస్తకం ద్వారా ప్రపంచమంతటికీ అందాయి.

అయితే పుస్తకం దానంతటది ఎవరినీ మార్చదు. చదివే తీరు మార్చుతుంది. 1904లో గాంధీజీ జోహాన్స్‌బర్గు నుంచి డర్బనుకు రైలులో వెళుతూ రస్కిన్ రాసిన చిన్న పుస్తకం చదివారు. పుస్తకం బాగుందని మెచ్చుకొని పక్కన పెట్టలేదు. ఆ సంవత్సరమే డర్బను సమీపంలో ఫీనిక్స్ ఆశ్రమం స్థాపించి అందులోని మాటను ఆచరణలో పెట్టారు. మనవాడైన కందుకూరి వీరేశలింగం గారు కూడా వితంతువుల కష్టాలను రాసి ఊరుకోలేదు. 1881లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం జరిపించారు. ఎన్ని పుస్తకాలు చదివామన్న లెక్క కంటే చదివిన తరువాత ఏం చేశామన్న ప్రశ్న పెద్దది.

మనం చాలాసార్లు కథ చదివి, చివర ఉన్న నీతివాక్యం కింద గీత గీసి, దానిని కంఠస్థం చేస్తాం. పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి. దాని వల్ల మన నడవడి మారదు. నీతివాక్యం కంటే కథలోని మనిషి ముఖ్యం. అతని ఆకలి, అవమానం, భయం మనవిగా తోచినప్పుడే ఆ పాఠం మనసుకు పడుతుంది. ఆ మనిషిని పోలినవారు మన వీధిలో ఎవరున్నారు? ఈ ప్రశ్న వేసుకున్న విద్యార్థి పాఠం చదివినట్టు లెక్క.

ఆ పరీక్షకు దూరం వెళ్లనక్కరలేదు, గ్రంథాలయానికి వెళితే చాలు. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పడవ గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువ మీద పుస్తకాలతో పడవ సాగేది. పుస్తకం దగ్గరకు రాలేని పాఠకుడి దగ్గరకు పుస్తకమే వెళ్లింది. ఇంత శ్రమపడి ఒకరు అందించిన పుస్తకంలో బొమ్మ బాగుందని పుట చింపుకొనేవారు నేటికీ ఉన్నారు. దయను గురించిన కథలోని పుటను సైతం చింపుతారు! ఆ పుట ఎవరికి అందవలసింది? మనం ఎన్నడూ చూడని మరొక పాఠకుడికి. అతడు మన చుట్టం కాడు, మనకు కృతజ్ఞత చెప్పడు. అతని కోసం పుస్తకాన్ని చిరగకుండా, మరక పడకుండా, గడువులోగా తిరిగి ఇవ్వడమే పౌరధర్మంలో తొలి పాఠం. రోడ్డు మీద అరటితొక్క వేయకపోవడం, మురుగుకాలువలో చెత్త పోయకపోవడం, ఆసుపత్రి వరుసలో ముందుకు చొరబడకపోవడం, పరీక్షల రోజుల్లో మైకు గొంతు తగ్గించడం వంటివన్నీ అదే పాఠానికి కొనసాగింపులు. వరద వచ్చినప్పుడు అందరం మంచివాళ్లమే. వరద తీసిన తరువాత ఎలా ఉన్నామన్నదే అసలు పరీక్ష.

విద్యార్థులారా! ఈ మాట మీకు మరింత వర్తిస్తుంది. మీలో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష వింటూ పెరుగుతున్నారు. యానాం విషయమే చూడండి. దాని పాలనా కేంద్రమైన పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. అక్కడ ఎక్కువగా వినిపించేది తమిళం. కార్యాలయానికి పనిమీద వెళ్లిన తెలుగువాడు మాట తోచక నిలబడినప్పుడు, ఎవరైనా దగ్గరకు వచ్చి నిదానంగా చెబితే ప్రాణం లేచివస్తుంది. ఆ హాయి ఎరిగినవారు తమ ఊరికి పనికోసం వచ్చిన ఇతర భాషలవారి యాసను చూసి నవ్వకూడదు. కనకాలపేట వీధిలో దారి అడిగిన పరాయి మనిషికి నాలుగు అడుగులు వెంట నడిచి దారి చూపినవాడు తన భాషకూ గౌరవం తెచ్చినవాడే. భాష గొప్పదని పొగడటం సులభం. ఆ భాష మాట్లాడేవారు మంచివారని ఇతరుల చేత అనిపించడం కష్టం. ఆ కష్టమైన పని చేయవలసింది మనమే.

కాబట్టి మంచి పుస్తకం చదవండి. మూసిన తరువాత కాసేపు ఆలోచించండి. ఆ రోజే, అందులోని మాటకు తగిన చిన్న పని ఒకటి చేయండి. అప్పుడే పుస్తకం చేతికి నిజమైన భూషణం అవుతుంది.