పరీక్షించండి, కాని వేరే గదిలో

కొత్త ప్రోగ్రామును తయారుచేసినవారు దానిని పూర్తిగా విడుదల చేయకముందే, "వాడి చూసి లోపాలు చెప్పండి" అని బయటివారికి ఇస్తారు. దీనినే బీటా కూర్పు అంటారు. బీటా గ్రీకు అక్షరమాలలో రెండో అక్షరం. తయారుచేసినవారు తమలో తాము జరుపుకునే మొదటి పరీక్ష ఆల్ఫా, తరువాతది బీటా.

"పూర్తికానిదాని జోలికి పోకండి, కంప్యూటరు పాడవుతుంది" అని పెద్దలు పిల్లలను వారిస్తారు. ఆ భయం అర్థంలేనిది కాదు. లోపమున్న ప్రోగ్రాము ఫైళ్ళను చెరిపివేయవచ్చు. అయితే పరీక్ష మానుకోవటం దీనికి మందు కాదు. పద్ధతిగా పరీక్షించటమే మందు.

ఎందుకంటారా? లినక్స్ కంప్యూటర్లలో ఫైళ్ళను కుదించటానికి ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాము ఉంది. 2024లో దాని కొత్త కూర్పులో రహస్యంగా ఒక దొడ్డిదారి చేరింది. డెబియన్ లినక్స్‌లో ఇంకా కుదురుకోని ప్రోగ్రాములకోసం ఉంచిన 'అన్‌స్టేబుల్' శాఖలోకి అది వచ్చింది. ఆ శాఖను వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, కంప్యూటరులోకి ప్రవేశించటానికి మామూలుకంటె సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే కదా అని ఊరుకోలేదు. కారణం వెతికి మార్చి 29న అందరికీ వెల్లడించాడు. అందరూ వాడే 'స్టేబుల్' శాఖలోకి చేరకముందే అది పట్టుబడింది. ముందుగా వాడి చూసేవారు లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి!

మరి పద్ధతి ఏమిటి? మొదట, మీ ఫైళ్ళకు వేరే డిస్కులో నకలు తీసి, దానిని కంప్యూటరునుంచి విడదీసి ఉంచండి. తరువాత వర్చువల్ మెషీను ఏర్పాటు చేయండి. ఇది మీ కంప్యూటరులోపలే నడిచే మరో ఊహా కంప్యూటరు. లినక్స్‌లో దీనికి అవసరమైన కేవీఎం సదుపాయం 2007 నుంచీ ఉంది. పరీక్షకు ముందు 'స్నాప్‌షాట్' తీయండి. బీటా చెడిపోతే ఒక్క ఆజ్ఞతో పాత స్థితికి వెళ్ళవచ్చు. మీ సొంత ఫోల్డర్లను మాత్రం ఆ ఊహా కంప్యూటరుకు కలపకండి. కలిపితే గోడ కట్టి తలుపు తెరిచినట్లే! బీటాను కూడా తయారుచేసినవారి సొంత చోటినుంచే తెచ్చుకోండి.

లోపం కనబడితే సరిపోదు. ఏ కూర్పు, ఏమి చేస్తే, ఏమి జరిగింది అన్నది వ్రాసి, తయారుచేసినవారికి పంపాలి. మళ్ళీ చేసినా అదే జరిగిందా అన్నదీ వ్రాయాలి. సైన్సు ప్రయోగానికీ ఇదే నియమం కదా!

ఇందులో మన స్వార్థమూ ఉంది. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరాల కలయిక తెరమీదికి వస్తే చాలు, ఐఫోనుల్లో ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆ కంపెనీ అదే నెలలో సవరణ విడుదల చేసింది. ఒత్తులు, గుణింతాలు సరిగా పడుతున్నాయో లేదో తెలుగు చదివేవారికి తెలిసినట్లు మరెవరికి తెలుస్తుంది? అందుకే పాఠశాలల్లో కంప్యూటరు గది ఉన్నచోటల్లా ఒక ఊహా కంప్యూటరును పిల్లల పరీక్షలకు వదలాలని మా కోరిక. అక్కడ ఏది చెడినా నష్టం లేదు. ఏది దొరికినా లాభమే.