ఆవాల మూటలూ, మన చప్పట్లూ

పాత సాక్సులో ఆవాలు పోసి ముడేసి బ్రాలో సర్దుకుంటే రొమ్ములాగే బరువుగా, మెత్తగా ఉంటుంది. సిలికాన్‌వి కొనాలంటే వేలు పోయాలి. ఇలాంటి తెలివి ఆఫీసులో ఎవరైనా చూపిస్తే ప్రోటోటైప్ అని మెచ్చుకుంటాం. చీర కట్టుకోవాలనుకున్న కాకినాడ కుర్రాడు చూపిస్తే మాత్రం పగలబడి నవ్వుతాం!

అదే కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రేలంగి గారు ఆడవేషం కట్టారు. స్థానం నరసింహారావు గారికి 1956లో, కూచిపూడి సత్యభామ వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో పద్మశ్రీ ఇచ్చాం. మరి స్టేజీ మీద కళ అయింది, గదిలో రోగం ఎలా అయిందండీ?

ఆ కుర్రాడు ఎవరి సొమ్మూ తినలేదు. అయిన ఖర్చు కిలో ఆవాలు. బగ్గు మన బుర్రలో పెట్టుకుని, ప్యాచ్ అతన్ని వేసుకోమంటే ఎలా?