మడ్డీ వాటర్స్ పక్క కుర్చీ

పోయినవాడి కళ్ళు చారెడేసి అన్నారు పెద్దలు. మనిషి కన్నుమూయగానే అతని కోపం ముక్కుసూటితనం అవుతుంది, పిసినారితనం పొదుపు అవుతుంది, అప్పు ఎగవేసిన సంగతి సైతం అమాయకత్వం ఖాతాలో జమపడుతుంది. సంతాప సభలకు వెళ్ళేవాళ్ళందరికీ ఇది తెలిసిందే. వాద్యగాళ్ళ దగ్గర మాత్రం ఈ సామెత అంతగా చెల్లదు. ఏళ్ళ తరబడి ఒకే వేదిక మీద కూర్చుని, ఒకే కారులో ఊళ్ళు తిరిగి, ఒకే సంపాదన పంచుకున్నవాళ్ళు పోయిన మిత్రుడి ప్రస్తావన తెస్తే మెప్పూ ఫిర్యాదూ కలగలిసే వస్తాయి. ఎంత బాగా వాయించేవాడో చెప్పిన నోటితోనే ఎంత సతాయించేవాడో కూడా చెబుతారు. టిక్కెట్టు కొని ఎదుట కూర్చున్నవాళ్ళకూ, రికార్డు కొని ఇంట్లో విన్నవాళ్ళకూ ఆ రెండో సగం తెలియదు. వాళ్ళకు దక్కింది నాదం ఒక్కటే. ఈ రెండు రకాల తలపుల మధ్య ఒక కళాకారుడు ఎలా నిలుస్తాడన్నది షికాగో హార్మోనికా వాద్యగాడు లిటిల్ వాల్టర్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది.

అసలు పేరు మేరియన్ వాల్టర్ జేకబ్స్. 1930 మే 1న లూసియానా రాష్ట్రంలోని మార్క్స్‌విల్‌లో పుట్టాడని చరిత్రకారులు ఎక్కువమంది అంగీకరించే లెక్క. పన్నెండేళ్ళు వచ్చేసరికి బడి మాని ఇల్లు విడిచాడు. న్యూ ఆర్లీన్స్, మెంఫిస్, హెలీనా, సెయింట్ లూయిస్‌ల వీధుల్లో వాయించుకుంటూ, దొరికిన పని చేసుకుంటూ 1940ల నడుమ షికాగో చేరాడు. దక్షిణాది పత్తి పొలాలను వదిలి ఉత్తరాది ఉక్కు మిల్లులకూ మాంసం కర్మాగారాలకూ లక్షల సంఖ్యలో నల్లజాతివారు తరలివెళ్తున్న కాలం అది. వాళ్ళతో పాటు వాళ్ళ బ్లూస్ పాట కూడా పట్నం చేరింది. ఆదివారం నాడు మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో గిటార్లు, హార్మోనికాలు పట్టుకుని వాయించేవాళ్ళ మధ్య ఈ కుర్రవాడూ చేరాడు. ఆ వీధిలోనే ఒక రేడియో దుకాణం వాళ్ళు నడిపిన ఓరా నెల్ అనే చిన్న లేబుల్ మీద 1947లో తొలి రికార్డు ఇచ్చాడు.

హార్మోనికా అంటే మన ఇళ్ళలో మౌత్ ఆర్గాన్ అని పిలిచే వాద్యమే. పది రంధ్రాలు, ఇరవై ఇత్తడి రీడ్లు. పద్యనాటకం హార్మోనియం పెట్టెలో పలికేదీ ఇటువంటి రీడే. అక్కడ గాలి తిత్తి నుంచి వస్తుంది, ఇక్కడ ఛాతీ నుంచి. జర్మనీలోని ట్రాసింగెన్ పట్నంలో హోనర్ కంపెనీ యూరప్ జానపద బాణీల కోసం చేసిన పెట్టె ఇది. అమెరికా దక్షిణాది నల్లజాతి వాద్యగాళ్ళు దాన్ని తిరగేసి వాడుకున్నారు. సి శ్రుతిలో ఉన్న పెట్టెను జి శ్రుతిలో వాయించడం వాళ్ళ పద్ధతి. అలా వాయిస్తే ప్రధాన స్వరాలు చాలావరకు ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పలికేవే అవుతాయి. పీల్చేటప్పుడు నాలుకనూ గొంతునూ మలిస్తే స్వరం కిందికి వంగుతుంది. చేసిన కంపెనీ ఊహించని గమకాలు ఆ ఇత్తడి రేకుల్లోంచి వచ్చాయి. బ్లూస్ హార్మోనికాలో వినిపించే ఆ మూలుగు చాలావరకు ఊదిన గాలిది కాదు, మింగిన గాలిది.

వాల్టర్ దీనికి కరెంటు జోడించాడు. హార్మోనికానూ, చవకరకం మైకునూ కలిపి రెండు అరచేతుల మధ్య బిగించి, ఆ మైకును గిటారు ఆంప్లిఫయర్‌కు తగిలించేవాడు. మైకులో హార్మోనికా వాయించిన మొదటివాడు అతనే అనలేం. కానీ మిగిలినవాళ్ళు డ్రమ్ముల హోరులో వినిపించడానికి మైకు వాడితే, అతను ఆంప్లిఫయర్ తట్టుకోలేక చేసే బొంగురు ధ్వనినే సంగీతం చేసుకున్నాడు. లూయీ జోర్డన్ శాక్సొఫోన్‌ను శ్రద్ధగా విన్న చెవి అది. జేబులో పట్టే పెట్టెలోంచి శాక్సొఫోన్ల వరుస అంతటి నిండుదనం లాగాడు.

షికాగోలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ అతన్ని తన బృందంలో చేర్చుకున్నాడు. మడ్డీ, జిమ్మీ రోజర్స్ గిటార్లు, వాల్టర్ హార్మోనికా, మొదట్లో బేబీ ఫేస్ లెరాయ్ డ్రమ్ములు. ఖాళీ ఉన్న రాత్రి క్లబ్బు నుంచి క్లబ్బుకు వెళ్ళి, అక్కడ వాయిస్తున్నవాళ్ళను వేదిక మీదే ఓడించి వచ్చేవాళ్ళని వీళ్ళకు హెడ్ హంటర్స్ అనే పేరు పడింది. 1952 మే 12న చెస్ రికార్డు కంపెనీ కోసం ఈ బృందం తమ కచేరీల్లో వాడే ఒక వాద్య గీతాన్ని వాల్టర్ పేరుతో రికార్డు చేసింది. అదే 'జూక్'. మాటల్లేని ఆ రికార్డు బిల్‌బోర్డ్ రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి వాల్టర్ వయసు ఇరవై రెండు. మడ్డీ బృందంతో దక్షిణాది యాత్రలో ఉండగానే ఆ సంగతి తెలిసింది. పాట తనది, పేరు తనది అయినప్పుడు పక్కవాద్యంగా ఎందుకుండాలి అనుకున్నాడేమో, బృందాన్ని వదిలేసి షికాగో దారి పట్టాడు.

తర్వాత జరిగినది బ్లూస్ చరిత్రలో ఒక కుండమార్పిడి. ఏసెస్ అనే బృందంలో హార్మోనికా వాయించే జూనియర్ వెల్స్ మడ్డీ దగ్గరికి వెళ్ళాడు. ఆ ఏసెస్, అంటే గిటార్లు వాయించే లూయీ, డేవ్ మైయర్స్ సోదరులూ, డ్రమ్మర్ ఫ్రెడ్ బెలో, వాల్టర్ వెంట వచ్చారు. 'జూక్'తో మొదలుపెట్టి ఆరేళ్ళలో వాల్టర్ పాటలు పధ్నాలుగు మొదటి పది స్థానాల్లోకి చేరాయి. విల్లీ డిక్సన్ రాసిన 'మై బేబ్' 1955లో మళ్ళీ మొదటి స్థానం తెచ్చింది. అయితే మడ్డీ పక్క కుర్చీ అతన్ని పూర్తిగా వదలలేదు. కచేరీల్లో ఆ చోట ఇంకెవరో కూర్చున్నా, రికార్డింగు రోజున చెస్ కంపెనీ వాల్టర్‌నే పిలిచేది. 1954లో రికార్డయిన 'హూచీ కూచీ మ్యాన్'లో మడ్డీ గొంతుకు జవాబిచ్చే హార్మోనికా అతనిదే.

ఆ కుర్చీలో కూర్చోవడం ఎంత కష్టమో జేమ్స్ కాటన్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మిసిసిపీలో పత్తి చేల మధ్య పుట్టి, చిన్నప్పుడే రెండో సానీ బాయ్ విలియమ్సన్ అనే వాద్యగాడి దగ్గర హార్మోనికా నేర్చుకుని, 1954 చివర్లో మడ్డీ బృందంలో చేరాడు. మడ్డీకి కావలసింది వాల్టర్ పలికించిన స్వరాలు, ఉన్నవి ఉన్నట్టు. శ్రోతలకూ అవే కావాలి. కొన్నేళ్ళు అలా వాయించాక, తాను ఎన్నటికీ లిటిల్ వాల్టర్‌ను కాలేననీ, తనను తనలా వాయించనివ్వాలనీ మడ్డీకి చెప్పుకోవలసి వచ్చిందని కాటన్ తరచూ గుర్తు చేసుకునేవాడు. మడ్డీ ఒప్పుకున్నాడు. కాటన్ పన్నెండేళ్ళు అక్కడే ఉన్నాడు. బతికున్న మనిషి నీడలో పనిచేయడం చనిపోయినవాడి నీడలో పనిచేయడం కన్నా కష్టం. పోయినవాడు కనీసం మళ్ళీ స్టూడియోకు వచ్చి తన చోటు తను తీసుకోడు.

వాద్యగాళ్ళు ఒకరినొకరు తలచుకునే తీరు ఎప్పుడూ మాటల మీదే ఆధారపడదు. 1958 ఆగస్టులో బ్లూస్ గాయకుడు బిగ్ బిల్ బ్రూంజీ చనిపోయినప్పుడు శవపేటిక మోసినవారిలో మడ్డీ ఉన్నాడు. ఆ రోజుల్లోనే వాల్టర్ స్టూడియోకు వెళ్ళి, బ్రూంజీ పేరు చెప్పగానే గుర్తొచ్చే 'కీ టు ద హైవే' రికార్డు చేశాడు. మడ్డీ స్లైడ్ గిటారు పట్టాడు. అది నివాళి అని రికార్డు మీద ఎక్కడా అచ్చు వేయలేదు. కానీ బ్రూంజీకి ఆ నెలలో అంతకన్నా మంచి సంతాప సభ జరిగి ఉండదు.

వాల్టర్ మంచి రోజులు ఎక్కువ కాలం సాగలేదు. ముక్కోపి. తాగుడు ముదిరింది. తగాదాల గుర్తులు ముఖం మీద మిగిలాయి. ఏసెస్ ఒక్కొక్కరే తప్పుకున్నారు. 1960లలో శ్రోతల అభిరుచి సోల్ సంగీతం వైపు మళ్ళింది. 1964లోనూ 1967లోనూ యూరప్ వెళ్ళి వాయించి వచ్చాడు గానీ, అప్పటికే ఆ పాత పట్టు సడలింది. 1968 ఫిబ్రవరిలో ఒక క్లబ్బులో కచేరీ విరామంలో ఎవరితోనో కొట్లాట జరిగింది. ఆ రాత్రి నిద్రలోనే ప్రాణం పోయింది. ఫిబ్రవరి 15న మరణం. ముప్పై ఏడేళ్ళు. షికాగో శివారు ఎవర్‌గ్రీన్ పార్క్‌లోని సెయింట్ మేరీస్ శ్మశానంలో పూడ్చారు. సమాధి మీద రాయి పెట్టలేదు.

అతనితో కలిసి వాయించినవాళ్ళు ఈ సంగతులేవీ దాచలేదు. కోపం, తాగుడు, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోవడం అన్నీ వాళ్ళ ఇంటర్వ్యూల్లో ఉన్నాయి. అయినా తనను నడి యాత్రలో విడిచిపోయిన ఆ కుర్రవాణ్ణే మడ్డీ చివరిదాకా తను విన్న హార్మోనికా వాద్యగాళ్ళందరిలోకీ పైన నిలబెట్టాడు. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. దగ్గరగా చూసినవాడు మెచ్చుకుంటే ఆ మెప్పుకు బరువెక్కువ, ఎందుకంటే దానికి అయిన ఖర్చు అతనికి తెలుసు. లోపాలు చెరిపేసి చెప్పిన మెప్పు ఎవరికైనా సరిపోతుంది. లోపాలతో కలిపి చెప్పిన మెప్పు ఆ ఒక్క మనిషికే సరిపోతుంది.

అభిమానుల దారి వేరు. వాళ్ళలో చాలామంది వాల్టర్‌ను కళ్ళతో చూడలేదు. చచ్చుబడిన చివరి కచేరీలు వినలేదు. వాళ్ళకు తెలిసింది రెండున్నర మూడు నిమిషాల రికార్డులు. అవి ముసలివి కావు, తాగవు, తగాదా పెట్టుకోవు. అందుకే అభిమాని ప్రేమకు అలసట లేదు. ఇరవై మూడేళ్ళపాటు గుర్తు తెలియకుండా పడి ఉన్న సమాధికి 1991లో ఇద్దరు అభిమానులు పూనుకుని రాయి చేయించారు. రికార్డు కంపెనీ చేయని పనిని, కలిసి వాయించినవాళ్ళు చేయలేకపోయిన పనిని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేశారు. మనిషిని ఎరుగకపోవడం ఒక్కొక్కసారి మేలే. పాత కోపాలేవీ అడ్డం రావు.

రెండు దారులూ కలిసిన చోటు కూడా ఒకటుంది. 2002లో టోనీ గ్లోవర్, స్కాట్ డర్క్స్, వార్డ్ గెయిన్స్ కలిసి వాల్టర్ జీవితచరిత్ర 'బ్లూస్ విత్ ఎ ఫీలింగ్' వెలువరించారు. గ్లోవర్ స్వయంగా హార్మోనికా వాద్యగాడు, 1965లోనే ఆ వాద్యం నేర్పే పుస్తకం రాసినవాడు. అభిమానంతో మొదలుపెట్టినవాళ్ళు, వాల్టర్‌తో కలిసి వాయించిన వాళ్ళ మాటలు వెదికి కూర్చిన పని అది. అందులో దేవుడూ లేడు, తాగుబోతూ లేడు. పని తెలిసిన మనిషి ఒకడున్నాడు.

ఆ తర్వాత 2008 మార్చి 10న రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాల్టర్‌ను తన జాబితాలో చేర్చుకుంది. ఏ విభాగంలో? పక్కవాద్యకారుల విభాగంలో. సొంత పేరుతో పధ్నాలుగు పాటలు మొదటి పదిలో నిలిపినవాణ్ణి, పక్కవాద్యంగా ఉండలేక వెళ్ళిపోయినవాణ్ణి, మళ్ళీ తెచ్చి మడ్డీ పక్క కుర్చీలోనే కూర్చోబెట్టారు. వినడానికి చిన్నచూపులా ఉంటుంది. కానీ హార్మోనికా వాద్యగాడిగానే ఆ గౌరవం పొందినవాడు అతను తప్ప మరొకరు లేరు. ఆ రాత్రి వేదిక మీద గాయకుడు బెన్ హార్పర్ పక్కన నిలబడి 'జూక్', 'మై బేబ్' వాయించినవాడు జేమ్స్ కాటన్. అప్పటికి డెబ్బై రెండేళ్ళు. గొంతు క్యాన్సర్ వల్ల పాడటం ఏనాడో ఆగిపోయింది, హార్మోనికా మిగిలింది. ఎవరి స్వరాలు వాయించమంటే యౌవనంలో తనను తనలా ఉండనివ్వమన్నాడో, అదే మనిషి కోసం అవే స్వరాలు ఈసారి తనంతట తానే వాయించాడు. పోటీ తీరిపోయాక మిగిలే కృతజ్ఞత అంటే ఇదే కావచ్చు.

ఇప్పుడు ఆ తరం దాదాపుగా లేదు. మడ్డీ 1983లో, ఫ్రెడ్ బెలో 1988లో, లూయీ మైయర్స్ 1994లో, జిమ్మీ రోజర్స్ 1997లో, డేవ్ మైయర్స్ 2001లో వెళ్ళిపోయారు. 2017లో కాటన్ కూడా. వాల్టర్ పక్కన నిలబడి అతని ఊపిరి చప్పుడు విన్నవాళ్ళు పోతున్నకొద్దీ అతను పూర్తిగా అభిమానుల చేతుల్లోకి వస్తున్నాడు. వాళ్ళ చేతుల్లో అతను క్షేమంగానే ఉంటాడు. కళ్ళు చారెడేసి అయ్యే ప్రమాదం కూడా అక్కడే ఉంది. జీవితచరిత్ర రాసినవాళ్ళు సమయానికి వెళ్ళి అడిగారు కాబట్టి ఆ ప్రమాదం కొంత తప్పింది.

ఆ అడగడం షికాగోకే పరిమితం కానక్కర్లేదు. మన పద్యనాటకాల్లో హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నవాళ్ళు, బుర్రకథలో వంతలు పాడినవాళ్ళు, హరికథకు మృదంగం పట్టినవాళ్ళు ఇంకా కొందరున్నారు. పెద్ద కళాకారుల గురించి వాళ్ళకు తెలిసినది పత్రికల సంతాప వ్యాసాల్లో ఉండదు. ఏ రాగం దగ్గర పెద్దాయన తడబడేవాడో, ఏ రాత్రి డబ్బుల దగ్గర మాట పట్టింపు వచ్చిందో, అయినా మర్నాడు ఎందుకు కలిసి బండెక్కారో వాళ్ళే చెప్పగలరు. అభిమానులు చేయదగిన మొదటి పని వాళ్ళ ఇంటికి వెళ్ళి కూర్చోవడం. చెప్పినదంతా రాసుకోవాలి, ఫిర్యాదులతో సహా. శిలాఫలకం తర్వాత వేయించవచ్చు. దానికి ఇరవై మూడేళ్ళయినా ఆలస్యం కాదు. మనుషుల్ని అడగడానికి అంత వ్యవధి ఉండదు.