సోలార్ పార్కుకూ ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి

రాయలసీమ రైతులారా, కూలీలారా, గొర్రెల కాపరులారా!

ఎవరికో ఒకరికి నష్టం చేయకుండా పుట్టే కరెంటు ఎక్కడా లేదు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1981లో, కృష్ణ ఒడ్డున దాదాపు వంద ఊళ్లు మునిగాయి. మన బొగ్గులో ఇంచుమించు మూడో వంతు బూడిదే. అదెంత నష్టమో ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద చెరువు పక్కన కాపురముండేవాళ్లు చెబుతారు. అణు కరెంటుకు యురేనియం తవ్వే తుమ్మలపల్లె దగ్గర, బోరు నీళ్లు చెడిపోయాయని రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

వీటి పక్కన పెడితే సోలార్ ఎంతో మేలు. బొగ్గుతో ఒక యూనిట్ తీస్తే ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. సోలార్ పలకలకు ఆ పొగ లేదు. అందుకే సోలార్ రావాలనే మేమూ కోరుతున్నాం. కానీ దానికి భూమి కావాలి, మెగావాట్‌కు సుమారు ఐదెకరాలు. గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో మొదలైన 1000 మెగావాట్ల పార్కు దాదాపు ఆరు వేల ఎకరాలు పరుచుకుంది. అంత నేలకు కంచె వేశాక మంద ఎటు పోవాలి? కలుపు తీసి, శనక్కాయలు పీకి బతికే ఆడకూలీలకు పని ఎక్కడ?

ఈ ప్రశ్న అడిగే చోటే లేకుండా పోయింది. పెద్ద థర్మల్ కేంద్రం కట్టాలంటే 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, పర్యావరణ అనుమతి తేవాలి. థర్మల్ కేంద్రాన్ని ఎదిరించిన శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల (చిత్తడి నేలల) జనం పట్టుకున్న ఆధారం అదే. 2010 జూలైలో అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ జూలైలోనే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని కొట్టేసింది. కానీ సోలార్, గాలిమరల ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి నుంచే మినహాయింపు ఉంది. అనుమతే అక్కర్లేనప్పుడు జనం దేని మీద అప్పీలుకు పోవాలి?

మన అనంతపురం సరిహద్దున, కర్ణాటకలోని పావగడలో సోలార్ పార్కుకు పదమూడు వేల ఎకరాలను కొనకుండా రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. మొదట్లో ఎకరాకు ఏటా 21,000 రూపాయలు. పట్టా రైతు చేతిలోనే ఉంది. కరువు సీమలో అది చిన్న మాట కాదు. అయితే కౌలు డబ్బు పట్టా ఉన్నవాడికే ముట్టింది. 2013 భూసేకరణ చట్టం భూమి లేని కూలీని కూడా నష్టపోయిన కుటుంబంగానే లెక్కిస్తుంది. కానీ కౌలు భూసేకరణ కిందికి రాదు గనుక ఆ రక్షణ అక్కడి కూలీకి అందదు. మన దగ్గర కౌలు పద్ధతి తెచ్చేటప్పుడు ఈ లోటును ముందే పూడ్చాలి.

అందుకే మా డిమాండ్లు. పెద్ద సోలార్, గాలిమరల ప్రాజెక్టులన్నిటికీ ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేయాలి. ఎన్ని ఎకరాల మేత బీడు పోతుంది, పలకలు కడగడానికి నీళ్లు ఎక్కడివి, పాతికేళ్ల తర్వాత పాత పలకలను ఎవరు తీసుకెళ్తారు అన్నది తెలుగులో రాసి నెల ముందే పంచాయతీ గోడకు అంటించాలి. ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ భూములైనా సరే, కొనకుండా కౌలుకే తీసుకోవాలి. కౌలుతో పాటు, ఆ నేల మీద బతికే కూలీలకు, కాపరులకు ఏటా కంపెనీయే విడిగా డబ్బు కట్టాలి. ప్రభుత్వ ఆఫీసుల మిద్దెలు, కాలువ గట్లు పలకలతో నిండాకే పొలాల వైపు చూడాలి. ఇంటి మిద్దె మీద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే కేంద్రం 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఇస్తోంది. ఊళ్లో ఎవరికి అందిందో, ఎవరికి అందలేదో గ్రామ సచివాలయంలో అడగండి.

వచ్చే గ్రామసభకు పట్టా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసి రండి. ఈ డిమాండ్లను తీర్మానంగా రాయించండి, సంతకాలు పెట్టండి, నకలు తీసుకుని కలెక్టర్‌కు అందజేసి రసీదు అడగండి. మందలు తోలుకుపోయే కాపరులు ఊళ్లో ఉండే రోజు చూసి సభ పెట్టమని సర్పంచ్‌ను ఇప్పుడే కోరండి.